పెట్రోల్ ముల్లును కాదు, ట్రిప్ మీటర్‌ను నమ్మండి

ట్యాంక్ ఫుల్ చేయించాక నా బైక్ పెట్రోల్ ముల్లు చాలా దూరం కదలనే కదలదు. సగానికి దిగాక మాత్రం చూస్తుండగానే ఎర్ర గీత దగ్గరికి వచ్చేస్తుంది. మీటర్ పాడైందని చాలామంది అనుకుంటారు గానీ, ఎక్కువసార్లు అసలు కారణం ట్యాంక్ ఆకారమే.

ట్యాంక్ లోపల సన్నటి కడ్డీకి పెట్రోల్‌పై తేలే ఫ్లోట్ ఒకటి ఉంటుంది. పెట్రోల్‌తో పాటు అదీ దిగుతుంది, దాన్ని బట్టే ముల్లు కదులుతుంది. ఫ్లోట్‌కు తెలిసేది ఎత్తు మాత్రమే, లీటర్లు కాదు. ట్యాంకేమో పైన వెడల్పుగా, కింద ఫ్రేమ్ కోసం మధ్యలో ఖాళీ వదిలి, గుర్రపు జీనులా ఉంటుంది. అందుకే పైన ఒక అంగుళంలో పట్టే పెట్రోల్ వేరు, కింద అంగుళంలో పట్టేది వేరు. ఇక ఘాట్ ఎక్కేటప్పుడు, సైడ్ స్టాండ్ మీద బండి వాలి ఉన్నప్పుడు ముల్లును అసలు చూడకండి.

నేను చేసేది ఇది. బండి నిటారుగా నిలబెట్టి, గన్ దానంతట అది ఆగేదాకా కొట్టించి, వెంటనే ట్రిప్ మీటర్ (సున్నా చేసినప్పటి నుంచి తిరిగిన కిలోమీటర్లు చూపేది) సున్నా చేస్తాను. మళ్లీ కొట్టించేటప్పుడూ అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తాను. 312 కిలోమీటర్లకు 6.5 లీటర్లు పడితే లీటరుకు 48. ఒక్కసారి చూసి వదిలేయకండి. వెనక మనిషి, సామాను, ఎదురుగాలి, హైవే స్పీడు, టైర్లలో గాలి తక్కువ కావడం, అన్నీ మైలేజీని తినేస్తాయి. మీకు వచ్చిన వాటిలో అన్నిటికంటే తక్కువ అంకె ఏదో దాన్నే పట్టుకోండి.

అది 42 అనుకుందాం. 12 లీటర్ల ట్యాంక్‌లో 2 లీటర్లు పక్కన పెడితే 420 కిలోమీటర్లు. నేనైతే 380 దాటగానే బంక్ కోసం చూస్తాను. ముల్లు ఇంకా పైన ఉన్నా సరే!

పాత కార్బురేటర్ బండ్లలో రిజర్వ్ అంటే వేరే ట్యాంక్ కాదు. అదే ట్యాంక్ అడుగున మిగిలేది, మొత్తం లీటర్లలో అదీ కలిసే ఉంటుంది. రిజర్వ్‌లో పడి పెట్రోల్ కొట్టించాక, ట్యాంక్ కింద రిజర్వ్‌కు తిప్పిన పెట్రోల్ నాబ్‌ను తప్పకుండా మళ్లీ ఆన్‌కు తిప్పండి. లేదంటే ఈసారి ఏ హెచ్చరికా లేకుండా బండి ఆగిపోతుంది. రిజర్వ్ కూడా అయిపోతే, నాబ్ ఉన్న వైపుకు బండిని బాగా వంచి చూడండి. అవతలి పక్క మిగిలిన కాస్త పెట్రోల్ ఇటు వస్తే కొంత దూరం వెళ్లొచ్చు.

ఇంజెక్షన్ బండ్లలో ఆ నాబ్ ఉండదు, లైటే వెలుగుతుంది. వాటిని ఎప్పుడూ అడుగంటా నడపకండి. ట్యాంక్‌లోని పంపును చల్లగా ఉంచేది ఆ పెట్రోలే.

ఫుల్ చేయించినా ముల్లు లేవకపోయినా, ఖాళీ అవుతున్నా దిగకపోయినా అది ట్యాంక్ ఆకారం వల్ల కాదు. ఫ్లోట్ యూనిట్, దాని వైరు కనెక్టర్ చెక్ చేయించండి.