మజూరియా సరస్సుల్లో వారం రోజుల తెరచాప ప్రయాణం: బయలుదేరే ముందు జాగ్రత్తలు

పోలండ్‌లో ఉండే తెలుగువాళ్ళ మధ్య ఈమధ్య మజూరియా పేరు తరచుగా వినిపిస్తోంది. వార్సా నుంచి కారులో మూడున్నర గంటలు ఉత్తరానికి వెళితే కాలువలతో ఒకదానికొకటి కలిసిన సరస్సులు, ఒడ్డునే అడవులు. శనివారం పడవ తీసుకోవడం, వారమంతా అందులోనే వండుకుని అందులోనే పడుకోవడం, మళ్ళీ శనివారం తెచ్చి అప్పజెప్పడం. పొడవు 7.5 మీటర్లు దాటని తెరచాప పడవకి పోలండ్‌లో లైసెన్సు కూడా అడగరు. ఇంతవరకు అందరూ చెబుతారు. ఇంతవరకే తెలుసుకుని పిల్లాపాపలతో బయలుదేరేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

"సముద్రం కాదు కదా, చెరువులాంటిదే" అనే మాటని ముందు పక్కన పెట్టండి. అన్నిటికంటే పెద్దదైన ష్న్యార్ద్వి సరస్సు వైశాల్యం దాదాపు 114 చదరపు కిలోమీటర్లు. లోతు తక్కువ కావడంతో గాలి లేచిన కొద్దిసేపటికే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వచ్చి కొడతాయి. పెద్ద లోతున్న నీటిలో అల సాగి వస్తుంది కాబట్టి పడవకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. ఇక్కడ అది ఉండదు. పైగా ఒడ్డుకి దగ్గర్లో, దీవుల చుట్టూ నీటి అడుగున బండరాళ్ళున్నాయి. నీటి మీద తేలే గుర్తు బోయాలు దాటి లోపలికి వెళ్ళారంటే చుక్కాని విరగ్గొట్టుకున్నట్టే.

2007 ఆగస్టు 21న ఏం జరిగిందో అక్కడి ఏ పడవవాడిని అడిగినా చెబుతాడు. వేసవి సెలవులు కావడంతో సరస్సుల నిండా పడవలే. మధ్యాహ్నం ఒక్కసారిగా గంటకి వంద కిలోమీటర్లు దాటిన గాలి విరుచుకుపడింది. నీరు నురగై తెల్లగా లేచింది. పోలిష్‌లో దాన్ని 'బియావి ష్క్వావ్' అంటారు, తెల్లటి ఈదురుగాలి అని అర్థం. పడవలు పదుల సంఖ్యలో బోల్తా పడ్డాయి, 12 మంది చనిపోయారు. అంతా నిమిషాల్లో అయిపోయింది.

ఆ తర్వాతే సరస్సుల పొడవునా 17 హెచ్చరిక స్తంభాలు నిలబెట్టారు. వాటి మీద పసుపు దీపం నిమిషానికి 40 సార్లు మెరిస్తే గాలివాన రావచ్చని, ఒడ్డుకి దగ్గరగా ఉండమని అర్థం. 90 సార్లు మెరిస్తే ప్రమాదం నెత్తిమీదికి వచ్చేసిందని, వెంటనే ఒడ్డు చేరమని అర్థం. లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. సెకనుకి ఒకటి కంటే నెమ్మదిగా మెరిస్తే మొదటిది, సెకనుకి ఒకటిన్నర చొప్పున గబగబా కొట్టుకుంటుంటే రెండోది. పడవలో చదవడం వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఇది నేర్పండి. మా ఇంట్లో అందరికంటే ముందు ఆ దీపాన్ని చూసేది మా చిన్నమ్మాయే.

అయితే దీపం కనిపించినా ఆగనివాళ్ళున్నారు. నాలుగేళ్ళ క్రితం ఆ పని నేనే చేశాను.

రెండు కుటుంబాలం, పిల్లలతో కలిపి ఏడుగురం. గురువారం రాత్రి దక్షిణాన రుచానె-నిడాలో ఉన్నాం. పడవని శనివారం పొద్దున తొమ్మిదింటికల్లా గిజిత్స్కోలో అప్పజెప్పాలి. శుక్రవారం బయలుదేరితే గుజాంకా లాకు దగ్గరే గంటన్నర పట్టింది. మన గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్ళకి కొత్తేమీ కాదు, అదే పద్ధతి. నీటిమట్టంలో రెండు మీటర్ల తేడా ఉంటుంది, పడవల్ని విడతలు విడతలుగా వదులుతారు, సీజన్‌లో లైను తప్పదు. మికొవైకి చేరేసరికి ఒంటిగంట. పడమటి ఆకాశం నల్లబడుతోంది, దీపం నెమ్మదిగా మెరుస్తోంది. మా ఆవిడ "ఇక్కడే ఆగుదామండీ" అంది. ఆలస్యమైతే డిపాజిట్‌లో కోత పెడతారన్న టెన్షన్‌లో నేను వినలేదు. తావ్‌తి సరస్సు మధ్యలో ఉండగా గాలి పట్టుకుంది. ముందు తెరచాప నిలువునా చిరిగింది. దాన్ని దించబోయిన మా స్నేహితుడి భుజం బెణికింది. పిల్లలు లైఫ్ జాకెట్లు వేసుకునే ఉన్నారు, అదొక్కటే మేం చేసిన మంచి పని. పావుగంటకి గాలి తగ్గింది. సాయంత్రం పడవ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేస్తే, "ముందే చెబితే రేపు మధ్యాహ్నం దాకా ఆగేవాళ్ళం కదా" అన్నారు.

ఆ రోజు నుంచి నేను వారాన్ని వెనక నుంచి ముందుకి ప్లాన్ చేస్తున్నాను. శుక్రవారం సాయంత్రానికి పడవ అప్పజెప్పాల్సిన రేవుకి గంట, గంటన్నర దూరంలో ఉండాలి. అంటే గురువారం రాత్రికే సగానికి పైగా వెనక్కి వచ్చేయాలి. మధ్యలో ఒక రోజంతా ఖాళీగా వదలాలి. అది విహారానికి కాదు, గాలివానకి కేటాయించిన రోజు. గాలివాన రాకపోతే అడవిలో తిరగండి, మికొవైకిలో పొగబెట్టిన సరస్సు చేపలు తినండి. రోజుకి పదిహేను, ఇరవై కిలోమీటర్లు చాలు. గిజిత్స్కో నుంచి ఉత్తరంగా వెంగొజెవో వైపు గానీ, దక్షిణంగా మికొవైకి వైపు గానీ వెళ్ళండి. వారంలో రెండు వైపులా చూసేయాలని మ్యాప్ మీద గీత గీస్తే మాత్రం మీరు ఏడు రోజులూ గడియారంతో పోటీ పడాల్సి వస్తుంది.

ఆలస్యమయ్యేలా ఉంటే మొహమాటం లేకుండా ముందే ఫోన్ చేయండి. పోయేది మహా అయితే డిపాజిట్‌లో కొంత. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగిన రోజు మనలో ఎవరికీ మరిచిపోయేది కాదు. నీరు, గాలి ఎలా ఉన్నాయో చూడకుండా, అనుకున్న ప్రయాణం అనుకున్న రోజే జరగాలనుకుంటే ఏ దేశంలోనైనా ప్రమాదం అదే.

గాలి వస్తోందని తెలిశాక చేయాల్సిన పనుల వరుస అందరికీ ముందే తెలిసి ఉండాలి. అప్పటికప్పుడు అరిచి చెబితే వినపడదు. మొదట అందరికీ లైఫ్ జాకెట్లు. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి, తెరచాపలు పూర్తిగా దించి తాడుతో గట్టిగా కట్టేయాలి. గాలి ఎటునుంచి వస్తోందో ఆ వైపు ఒడ్డుకి వెళ్ళాలి, అక్కడ చెట్లు అడ్డుగా ఉంటాయి. ఎదుటి ఒడ్డుకి వెళితే గాలి మిమ్మల్ని తీసుకెళ్ళి రాళ్ళకి కొడుతుంది. రేవు దగ్గర్లో లేకపోతే రెల్లుపొదల్లోకి పడవ దూర్చేయండి. మామూలుగా రెల్లు తొక్కకూడదు, కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనరు. క్యాబిన్ తలుపు మూసి అందరూ బయటే, కింద కూర్చోవాలి. భయపడి పిల్లల్ని లోపలికి పంపాలనిపిస్తుంది. పంపొద్దు. పడవ పక్కకి పడిపోతే లోపల ఉన్నవాళ్ళకి దారి దొరకదు. బోల్తా పడితే పడవని వదలకండి. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా ఈదుకుంటూ వెళ్ళొద్దు. తేలుతున్న పడవ కనిపించినంత సులువుగా నీళ్ళలో ఒక తల కనిపించదు.

ఈత వచ్చినవాళ్ళే లైఫ్ జాకెట్ వద్దంటారు, వాళ్ళతోనే గొడవ. మే నెలలో ఆ నీళ్ళు ఇంకా చల్లగా ఉంటాయి. ఒక్కసారిగా పడితే మొదటి నిమిషంలో ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగశ్వాస వచ్చి నీళ్ళు మింగేస్తాం. ఊళ్ళో బావిలో, కాలువలో ఎంత ఈదినా అది వేరు. పిల్లల జాకెట్ బరువుకి తగ్గ సైజులో, కాళ్ళ మధ్య నుంచి పట్టీ ఉన్నదే తీసుకోండి. పట్టీ లేకపోతే పిల్ల కిందికి జారి, జాకెట్ ఒక్కటే పైకి తేలుతుంది. పడవ చేతికి తీసుకునేటప్పుడే ప్రతి పిల్లకీ తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూడండి. చీరలు, చున్నీలు, జీన్స్ పడవలో వద్దు. తాళ్ళలో, ఇంజిన్‌లో చిక్కుకుంటాయి, తడిస్తే కిందికి లాగుతాయి. ఎవరైనా నీళ్ళలో పడితే దగ్గరికి వచ్చాక ముందు ఇంజిన్ ఆపాలి, ఆ తర్వాతే నిచ్చెన దించాలి.

తెరచాప కింది అంచుకి అడ్డంగా ఉండే కర్రని బూమ్ అంటారు. వెనకనుంచి గాలి వీస్తున్నప్పుడు అది ఉన్నట్టుండి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి విసురుగా తిరుగుతుంది. ఫొటో కోసం నిలబడిన మనిషి తలకి తగిలే ఎత్తులోనే ఉంటుంది. నడిపేవాడు ముందు కేకేయాలి, అందరూ తల వంచాకే పడవ తిప్పాలి. లైసెన్సు అక్కర్లేదన్నారు కదా అని ఏమీ నేర్చుకోకుండా వెళ్ళకండి. కనీసం ఒకరు తెరచాప నడిపినవాళ్ళై ఉండాలి, లేకపోతే అక్కడే ఒకటి రెండు రోజులు నేర్పేవాళ్ళని వెంట పెట్టుకోవాలి. హుస్సేన్ సాగర్‌లో ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ, లేజర్, నడిపిన అలవాటు ఉంటే గాలి లెక్క తెలుస్తుంది, అది పెద్ద వరం. కానీ లేజర్ తిరగబడితే మీరొక్కరే నిలబెట్టుకోగలరు. ఏడుగురు పడుకునే పడవ సంగతి అలా కాదు.

ఇక చాలామందికి తట్టని విషయం కరెంటు తీగలు. గిజిత్స్కో నుంచి మికొవైకికి వెళ్ళే దారిలో కాలువలున్నాయి, వాటి మీద వంతెనలున్నాయి. అందుకే ఇక్కడి పడవల్లో తెరచాప కొయ్యని పడుకోబెట్టే ఏర్పాటు ఉంటుంది. కాలువల్లో తెరచాప ఎత్తకూడదు, ఇంజిన్‌తోనే వెళ్ళాలి. కొన్నిచోట్ల నీటి మీదుగా కరెంటు తీగలు కూడా వెళతాయి. కొయ్య అల్యూమినియంది. వంతెన దాటాం కదా అని సంబరంగా కొయ్య లేపేముందు తలెత్తి చూడాలి, మ్యాప్‌లో తీగ గుర్తు ఎక్కడుందో పొద్దున్నే చూసుకుని ఉండాలి. కొయ్య దించుతున్నప్పుడు దాని కింద ఎవరూ ఉండకూడదు, పిల్లలు ముందే కూర్చుని ఉండాలి. గిజిత్స్కో కాలువ మీద ఇప్పటికీ మనిషి చేత్తో తిప్పే వంతెన ఉంది. అది తెరిచే వేళలు కనుక్కుని వెళ్ళండి, దాని దగ్గర గంట పోతుందని ప్లాన్‌లోనే రాసుకోండి.

వెళ్ళకూడని చోట్లు కూడా ఉన్నాయి. హంసలకి పేరుపడ్డ వుక్నైనో సరస్సు రక్షిత ప్రాంతం, పడవలకి ప్రవేశం లేదు. దోబ్‌స్కే సరస్సు నిశ్శబ్ద మండలం, అక్కడ ఇంజిన్ వేయకూడదు. తాగి పడవ నడపడం గురించి ఒక్క మాటే: పోలీసు పడవలు ఆపి ఊదిస్తాయి, ఇంజిన్‌తో నడుపుతూ దొరికితే శిక్ష కారులో దొరికినప్పటిలాగే ఉంటుంది.

వంట దగ్గర మనవాళ్ళం కొంచెం ఎక్కువే చేస్తాం. రెండు బర్నర్ల చిన్న స్టవ్ మీద బిర్యానీకి దిగొద్దు. స్టవ్ గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, పడవ అడుగున చేరి కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. వండడం అవగానే స్టవ్ నాబ్ ఒక్కటే కాదు, సిలిండర్ దగ్గరి వాల్వు కూడా కట్టేయండి. వండుతున్నంతసేపూ పైకప్పు కిటికీ తెరిచే ఉంచండి. పడవ కదులుతున్నప్పుడు స్టవ్ మీద మరిగే నీళ్ళు, నూనె వద్దు. మేం మొదటి రెండు రోజులకి ఇంటి దగ్గరే పులిహోర, చపాతీలు, కందిపొడి సర్దుకుంటాం. గాలి రోజున అవే ఆదుకుంటాయి.

ఒడ్డున అడవిలోకి వెళితే గోమారల్లాంటి చిన్న పురుగులు కాళ్ళకి పట్టుకుంటాయి, ఇంగ్లీషులో టిక్స్ అంటారు. ఈశాన్య పోలండ్‌లో వీటివల్ల లైమ్ జబ్బు, మెదడువాపు రెండూ వస్తాయి. మెదడువాపుకి టీకా ఉంది. ఒక్క డోసుతో అయ్యేది కాదు కాబట్టి జూన్ ప్రయాణానికి చలికాలంలోనే డాక్టర్‌ని కలవాలి. టీకా వేయించుకున్నాం కదా, ఇక లైమ్ కూడా రాదని పొరబడొద్దు, ఈ టీకా దానికి పనిచేయదు. పొడవు ప్యాంటు, సాక్సు వేసుకోండి. ప్రతి రాత్రి పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ మడతల్లో వెతకండి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగండి, నూనె రాయడం, కాల్చడం వద్దు. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి వలయం పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

పడవ చేతికిచ్చేటప్పుడు హడావుడి పెడతారు, వెనకాల ఇంకో కుటుంబం లైనులో ఉంటుంది. తొందరపడకండి. ఇంజిన్ మీరే స్టార్ట్ చేసి ఆపండి. లంగరుకి తాడు కట్టి ఉందో లేదో చూడండి. తెరచాపని సగానికి కుదించడం ఒకసారి రేవులోనే చేసి చూపించమనండి. ఉన్న గీతలన్నిటికీ ఫొటోలు తీయండి.

చివరిగా ఫోన్ నంబర్లు: 112 ఎక్కడైనా పనిచేస్తుంది, నీటి మీద ప్రమాదానికి 601 100 100. ఈ రెండూ పడవ నడిపేవాడి ఫోన్‌లో మాత్రమే ఉంటే చాలదు, ఎందుకంటే నీళ్ళలో పడేది ఆయనే కావచ్చు. అప్పుడు ఫోన్ చేసేది ఆయన భార్యో, పెద్ద పిల్లో. ఎక్కడున్నారని అడిగితే ఆ సరస్సు పేరు వాళ్ళ నోరు తిరగాలి. మా ఆవిడ ఒక తెల్లకాగితం మీద మేం దాటబోయే సరస్సుల పేర్లన్నీ వరుసగా తెలుగులో రాసి, కింద రెండు నంబర్లు పెద్దగా వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి క్యాబిన్ తలుపు పక్కన అంటిస్తుంది. ఒక సరస్సు దాటగానే మా చిన్నమ్మాయి దాని పక్కన పెన్సిల్‌తో టిక్కు పెడుతుంది. ఎప్పుడు చూసినా, టిక్కు లేని మొదటి పేరే మేమున్న చోటు.