జీఎం దోమల్ని వదలాలనుకుంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి

డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతున్న మనిషి మంచం పక్కన ఒక్క రాత్రి కూర్చున్నా చాలు, దోమని ఇంకెప్పుడూ చిన్న విషయంగా చూడలేం. పొగ కొడతారు, రెండ్రోజులు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ మామూలే, పైగా ఏళ్ల తరబడి అవే మందులు కొట్టి కొట్టి చాలాచోట్ల దోమలు వాటిని తట్టుకోవడం నేర్చేసుకున్నాయి. అందుకే జన్యువులు మార్చిన (జీఎం) దోమల గురించి ఇప్పుడు ఇంతమంది అడుగుతున్నారు. కానీ అందరూ మొదట అడిగేది "ఎన్ని వదలాలి?" అని, నిజానికి అది చివర్లో వచ్చే ప్రశ్న. కాలనీ సంఘం గానీ స్థానిక సంస్థ గానీ ఆరోగ్య కార్యకర్తలు గానీ దీన్ని చేపడితే పని ఏ వరసలో నడవాలో ఇక్కడ చెప్తాను. ఇది ఎవరికి వాళ్లు ఇంట్లో చేసుకునేది కాదు, ప్రభుత్వ అనుమతి ఉన్న దోమల్ని, అనుమతి ఉన్న సంస్థతో కలిసి మాత్రమే వదలాలి.

ముందు ఏ దోమతో మీ పోరాటమో తేల్చుకోండి

డెంగీ, చికున్‌గున్యా, జికా ఎక్కువగా మోసేది ఏడిస్ ఈజిప్టై. మలేరియా మోసేవి అనాఫిలస్ దోమలు. వదిలిన మగ దోమ తన జాతి ఆడదాన్నే వెతుక్కుంటుంది కాబట్టి ఏడిస్ మగవాటిని ఎన్ని వదిలినా మలేరియా తగ్గదు, రాత్రంతా చెవి దగ్గర గుయ్యిమనే క్యూలెక్స్ కూడా తగ్గదు. ఈ మాట జనానికి మొదటి రోజే చెప్పెయ్యండి, లేకపోతే నెల తర్వాత "ఇంకా కుడుతూనే ఉన్నాయి, ఇదంతా మోసం" అంటారు, వాళ్ల తప్పేం లేదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. చచ్చిన దోమని తెల్లకాగితం మీద పెట్టి భూతద్దంతో చూడండి. ఒళ్లు నల్లగా, కాళ్ల మీద తెల్ల పట్టీలు ఉంటే ఏడిస్ కావచ్చు, అప్పుడు వీపు చూడండి, రెండు పక్కలా కొడవలిలా వంగిన తెల్ల గీతలుంటే అది ఈజిప్టై, మధ్యలో ఒకటే నిలువు గీత ఉంటే దాని దగ్గర చుట్టం ఆల్బోపిక్టస్, అంటే టైగర్ దోమ. మీ దగ్గర టైగర్ దోమే ఎక్కువుంటే ఈజిప్టై మగవాటిని తెప్పించి లాభం లేదు. ఆడా మగా తేడా తల దగ్గర తెలుస్తుంది, మగదాని మీసాలు ఈకల్లా గుబురుగా ఉంటాయి, ఆడదానివి పల్చగా ఉంటాయి. కుట్టేది ఆడదే, మగది పూల తేనె తాగి బతుకుతుంది. ఈ పద్ధతి మొత్తం ఆ ఒక్క తేడా మీదే నిలబడింది, కుట్టని మగవాటిని వదిలితే అవి బయటి ఆడవాటితో జతకడతాయి, పుట్టే పిల్లల్లో ఆడవి పెద్దవ్వకుండానే చస్తాయి.

తర్వాత లెక్కపెట్టండి

చాలామంది వదిలేసే పని ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఓవిట్రాప్ అంటే పెద్ద పరికరమేం కాదు, ఒక నల్ల డబ్బా, సగానికి నీళ్లు, లోపలి అంచుకి ఆనించి గరుకుగా ఉండే కాగితం పట్టీ గానీ చెక్క ముక్క గానీ. ఏడిస్ ఆడది వచ్చి నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న చోట గుడ్లు పెడుతుంది. వారం తర్వాత పట్టీ తీసి భూతద్దం కింద పెడితే ఆవగింజ కంటే బాగా చిన్నగా ఉండే నల్లటి పొడుగాటి చుక్కలు కనపడతాయి, అవే గుడ్లు. వాటిని లెక్కపెట్టి తేదీతో సహా రాసుకోండి, డబ్బాలో నీళ్లు పొడినేల మీద పారబోసి, బాగా రుద్ది కడిగి, కొత్త పట్టీ పెట్టండి. వారం దాటనివ్వద్దు, వేడి రోజుల్లో ఎనిమిది పది రోజుల్లో గుడ్డు కాస్తా దోమ అయిపోతుంది, అప్పుడు మీ డబ్బానే దోమల్ని పెంచినట్టవుతుంది.

ఇలా దోమలు వదలబోయే ప్రాంతంలోనూ, వదలని ఇంకో ప్రాంతంలోనూ కొన్ని నెలల పాటు లెక్క తీయాలి. రెండో ప్రాంతం ఎందుకంటే ఎండ ముదిరినా దోమలు తగ్గుతాయి, అది మీ ఘనతే అనుకునే ప్రమాదం ఉంది. రెండూ పక్కపక్కనే ఉండకుండా చూసుకోండి. ఏడిస్ పెద్దగా ఎగిరే దోమ కాదు, ఎక్కువగా పుట్టిన చోటికి రెండు మూడు వీధుల లోపే తిరుగుతుంది, అయినా మధ్యలో కాస్త ఎడం ఉంటేనే లెక్క నమ్మకంగా ఉంటుంది.

ఏ రకం దోమో అడిగి తెలుసుకోండి

ఆక్సిటెక్ అనే కంపెనీ, 2002లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి పుట్టింది, వాళ్ల మొదటి రకం ఓఎక్స్513ఏ. అందులో పెట్టిన జన్యువు ఒక ప్రొటీన్‌ని మితిమీరి తయారుచేయించి పిల్లల్ని పెద్దవ్వకుండానే చంపేస్తుంది. మరి ల్యాబ్‌లో పెంచడమెలా అంటే, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే ఆ జన్యువు ఆగిపోతుంది, బయట అది దొరకదు కాబట్టి పిల్లలు చస్తాయి. దీన్ని 2009, 2010లో కేమన్ దీవుల్లో, తర్వాత మలేషియాలో, బ్రెజిల్‌లో వదిలి చూశారు. ఇబ్బందల్లా వదిలే ముందు ఆడవాటిని ఏరెయ్యాలి, ఆడ ప్యూపాలు (రెక్కలొచ్చే ముందు దశ) కాస్త పెద్దవిగా ఉంటాయని సైజుని బట్టి వేరుచేసేవాళ్లు, వారం వారం అదే పని.

కొత్త రకం ఓఎక్స్5034లో ఆ బాధ లేదు. ఆడపిల్లలు మాత్రమే లార్వా దశలో, అంటే నీళ్లలో పురుగుగా ఉన్నప్పుడే చస్తాయి, మగపిల్లలు బతికి ఆ జన్యువుని ఇంకొన్ని తరాలు మోస్తాయి, తరతరానికీ అది పలచబడిపోయి వదలడం ఆపాక కొన్నాళ్లకి మాయమైపోతుంది. శాశ్వతంగా ప్రకృతిలో ఉండిపోతుందేమో అని భయపడేవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పండి.

విరుగుడు మందు టెట్రాసైక్లిన్ కాబట్టి, పశువులకీ కోళ్లకీ పంటలకీ ఆ జాతి మందులు వాడే చోట్ల నుంచి, మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి దూరంగా వదలాలి. అమెరికాలో పర్యావరణ సంస్థ అనుమతి ఇచ్చినప్పుడు 500 మీటర్ల దూరం షరతు పెట్టింది. మ్యాప్ తీసుకుని ముందే గీతలు గీసుకోండి.

జీన్ డ్రైవ్ అనే ఇంకో రకం జన్యుమార్పిడిని దీంతో కలిపెయ్యకండి. అందులో జన్యువు పలచబడదు, తరతరానికీ పెరుగుతుంది. 2018లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు పంజరాల్లో చేసిన ప్రయోగంలో అనాఫిలస్ గుంపులు 7 నుంచి 11 తరాల్లో పూర్తిగా పోయాయి, కానీ బయట ఇంకా వదల్లేదు. వోల్బాకియా దోమలు కూడా వేరే, అది బాక్టీరియా, జన్యుమార్పిడి కాదు. ఎవరైనా దోమలు ఇస్తామని వస్తే ఈ మూడిట్లో ఏదో మొదట అడగండి.

జనాన్ని అడగండి

అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల్లో 2016లో ఓటింగ్ పెట్టారు. కౌంటీ మొత్తం మీద ఎక్కువమంది సరే అన్నారు, అసలు దోమలు వదలాలనుకున్న కీ హేవన్ వాళ్లు మాత్రం వద్దన్నారు. అక్కడ వదల్లేదు. చివరికి 2021 ఏప్రిల్‌లో వేరే దీవుల్లో, ఒప్పుకున్న వాళ్ల స్థలాల్లోనే పెట్టెలు పెట్టారు. అయిదేళ్లు వృథా అయ్యాయని కొందరంటారు, నేను అలా అనుకోను, తలుపు తట్టి అడగకుండా వదిలితే మొదటి పుకారుకే పని ఆగిపోతుంది. ఇంటింటికీ వెళ్లేటప్పుడు ఒక గాజు సీసాలో మగ దోమల్ని పట్టుకెళ్లండి, చెయ్యి లోపల పెట్టి కుట్టవని చూపించండి, పది కరపత్రాల కంటే అది బాగా పనిచేస్తుంది.

పెట్టె పెట్టడం

ఇప్పటి పద్ధతిలో గుడ్లూ వాటి మేతా ఉన్న పెట్టె వస్తుంది, నీళ్లు పోస్తే చాలు, రెండు వారాల లోపే మగవి బయటికొస్తాయి, ఆడవి లోపలే లార్వాగా చస్తాయి. నీడలో, చీమలు ఎక్కని చోట, పిల్లలకి అందకుండా పెట్టండి. చుట్టుపక్కల పొగ కొట్టేవాళ్లకి ముందే చెప్పండి, మనం వదిలినవాటిని మనమే చంపుకుంటే ఏం లాభం. ఒకసారి వదిలి ఊరుకుంటే కుదరదు, బయట సహజంగా ఉండే మగవాటి కంటే మనవి చాలా ఎక్కువుంటేనే ఆడవి వీటికి దొరుకుతాయి. ఫ్లోరిడాలో మొదటి విడతకి వారానికి దాదాపు 12 వేల మగవి, 12 వారాల పాటు అని ప్లాన్ చేసుకున్నారు, అదీ చిన్న ట్రయల్‌కే.

ఫలితం చూడటం

ఓవిట్రాప్‌లు ఆపకండి. ఇప్పుడు గుడ్లు లెక్కపెట్టడంతో పాటు కొన్నిటిని ల్యాబ్‌లో పొదిగించాలి. ఈ రకానికి ఒక గుర్తు జన్యువు కూడా ఉంటుంది, ప్రత్యేకమైన లైటూ ఫిల్టరూ పెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తే మన దోమల పిల్లలు ఎర్రగా వెలుగుతాయి, మామూలువి వెలగవు. ఎర్రవి కనపడ్డాయంటే మన మగవి జతకట్టాయని అర్థం. అసలు ఎర్రవే రాకపోతే ఇంకో నెల ఎదురుచూడకుండా పెట్టెల చోట్లు మార్చండి, సంఖ్య పెంచండి. బ్రెజిల్‌లోని ఇందయతూబాలో ఈ రకంతో కొన్ని కాలనీల్లో దోమలు 96 శాతం వరకు తగ్గాయి.

దోమలు తగ్గడం, జ్వరాలు తగ్గడం మాత్రం వేర్వేరు లెక్కలు. ఆసుపత్రుల నుంచి డెంగీ కేసుల వివరాలు విడిగా తీసుకోండి, దోమల అంకె చూసి జబ్బు పోయిందని ప్రకటించకండి. కూలర్లూ పూలకుండీలూ పాత టైర్లలో నీళ్లు పారబోసే పని కూడా వారం వారం సాగాల్సిందే, ఎందుకంటే బయటి దోమలు ఎంత తక్కువుంటే మన మగవాటికి పని అంత తేలిక.

వదలడం ఆపాక కూడా కొన్ని డబ్బాలు అలాగే ఉంచండి. ఏడిస్ గుడ్డు ఎండిన తొట్టి గోడకి అంటుకుని నెలల తరబడి బతుకుతుంది, నీళ్లు తగలగానే పొదుగుతుంది, పక్క ప్రాంతాల నుంచి వాహనాల్లో కొత్తవీ వస్తాయి. రెండు మూడు వారాలు వరసగా పట్టీల మీద చుక్కలు పెరుగుతుంటే, జ్వరాలు మొదలయ్యేదాకా ఆగకుండా పెట్టెలు మళ్లీ తెప్పించండి.