పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసే ముందు జాగ్రత్తలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి ఒడిశాలోని మా పర్లాకిమిడిలో తెలిసినవాళ్లు "లినక్స్ వేసేద్దామా అన్నా?" అని అడుగుతున్నారు. లినక్స్ అంటే విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఉచిత సిస్టమ్. వేయండి, మంచిదే. ముందు ఇవి చూసుకోండి.

ఫొటోలు, సర్టిఫికెట్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే దాన్ని తెరిచే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

లినక్స్‌లో మింట్, ఉబుంటు, ఫెడోరా లాంటి రకాలున్నాయి. ర్యామ్ 4 జీబీయే ఉంటే మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. ఉబుంటు అయితే ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే) వెర్షనే. అప్‌డేట్లు 5 ఏళ్లు వస్తాయి. ఫెడోరా బాగుంటుంది గానీ ఒక్కో వెర్షన్‌కు సుమారు 13 నెలలే. కొత్తవాళ్లకి ఆ టెన్షన్ ఎందుకు?

లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ నొక్కకుండా దాని నుంచే ఒక పూట నడపండి. వైఫై, సౌండ్, ప్రింటర్ చూడండి. మూత వేసి తీస్తే స్క్రీన్ వెలుగుతోందా? మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తే కనబడలేదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) పెట్టి, వైఫైని నడిపే డ్రైవర్ దించాక గానీ రాలేదు. అందుకే కేబుల్ దగ్గర ఉంచుకోండి.

మన పిల్లలకి తెలుగూ, ఒడియా రెండూ కావాలి. ఐబస్‌లో (లినక్స్‌లో భాషల టైపింగ్ సెట్ చేసే చోటు) రెండింటికీ ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కీబోర్డు అమరిక) పెట్టండి. 'క' రెండు భాషల్లోనూ ఒకే మీట మీద ఉంటుంది, ఒకటి నేర్చుకుంటే రెండోది సులువు. 'శ్రీకాకుళం' అని కొట్టి, ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడండి.

డీటీపీ షాపులవాళ్లు మాత్రం తొందరపడొద్దు. అను ఫాంట్లలో కొట్టిన పాత శుభలేఖలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగల అక్షర పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేకపోతే పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ట్యాలీ కూడా విండోస్‌దే. ఇలాంటి పని ఉంటే విండోస్‌ను పక్కనే ఉంచి డ్యూయల్ బూట్ (ఆన్ చేసినప్పుడు రెండింట్లో ఒకటి ఎంచుకోవడం) పెట్టుకోండి.