మిగిలిపోయిన చీజ్ ముక్కలతో ఎర్రకారం టార్ట్

పిల్లల పిజ్జాకని తెచ్చిన మోజరెల్లా పిడికెడు, రెండు మూడు క్యూబులు, అంచులు ఎండిపోయిన చెడ్డర్ ముక్క, ఇట్లాంటివి ఫ్రిజ్ డోర్‌లో పడుంటాయి కదా, వాటికి టార్ట్ (మైదా పిండి అడుగు మీద చీజ్, గుడ్లు పోసి ఓవెన్‌లో కాల్చేది) కంటే మంచి దారి లేదు. అన్నీ కలిపి 150 గ్రాములుంటే చాలు. బూజు మాత్రం చూసుకోండి, గట్టి చెడ్డర్ మీద చుక్క కనపడితే చుట్టూ, లోపలికి అంగుళం మేర కోసేసి మిగతాది వాడుకోవచ్చు, అదే మోజరెల్లా, స్లైసులు, తురిమిన చీజ్ అయితే మొత్తం పారేయాల్సిందే, మొహమాటం వద్దు.

ముందు పిండి. 200 గ్రాముల మైదా, 100 గ్రాముల బటర్. ఉప్పుండే బటరైతే మళ్లీ ఉప్పు వేయొద్దు. మన కడప ఎండలకి అసలు తిప్పలంతా ఇక్కడే, బటర్ చేతిలోనే కరిగిపోతుంది, అందుకే మైదా కూడా గిన్నెతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఎండాకాలమైతే పొద్దున్నే మొదలుపెట్టుకోవాలి. బటర్ చిన్న ముక్కలు కోసి వేళ్ల కొసలతో నలిపితే బొంబాయి రవ్వలాగా అవుతుంది, అప్పుడు మూడు నాలుగు స్పూన్లు ఐస్ నీళ్లు చల్లి దగ్గరికి తీసుకోండి, అంతే. చపాతీకి పిసికినట్టు పిసకొద్దు, పిసికితే సాగుడొచ్చి ఓవెన్‌లో అంచులు కిందికి జారిపోతాయి. అరగంట మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, ఓళిగలు తట్టే కవర్ల మధ్య ఒత్తి, తొమ్మిది అంగుళాల టిన్‌లో పరవండి. టార్ట్ టిన్ లేకపోతే అంచున్న స్టీల్ పళ్లెమైనా పర్లేదు.

ఫోర్క్‌తో అక్కడక్కడా గుచ్చి, పైన బటర్ పేపర్ వేసి అడుగు పొంగకుండా బరువుకి దాన్నిండా శెనగబ్యాళ్లు పోసి 190 డిగ్రీల్లో 15 నిమిషాలు, తర్వాత పేపరు, బ్యాళ్లు తీసేసి ఇంకో ఏడెనిమిది నిమిషాలు, లేత రంగొచ్చేదాకా. ఆ బ్యాళ్లు ఇంక పప్పుకి పనికిరావు, డబ్బాలో దాచుకుంటే మళ్లీ దీనికే వాడుకోవచ్చు.

ఇది కాలేలోపు రెండు పెద్ద ఎర్రగడ్డలు సన్నగా కోసి చిన్న మంట మీద మగ్గనివ్వండి, నీళ్లన్నీ ఇంకి గోధుమ రంగు రావాలంటే ఇరవై నిమిషాలకి తక్కువ పట్టదు, మంట పెంచితే మాడతాయి కానీ తియ్యదనం రాదు.

ఇంక ఎర్రకారం. కారం దోసె మీద పూస్తాం కదా, అదే, నానబెట్టిన ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డలు, ఉప్పు వేసి నూరింది. పచ్చిగా పూస్తే తడికి అడుగు మెత్తబడుతుంది కాబట్టి స్పూన్ నూనెలో దగ్గరపడేదాకా వేయించి, పల్చగా పూసి, పైన రెండు స్పూన్లు పప్పుల పొడి చల్లండి. మిగిలిన తడిని ఆ పొడి పీల్చుకుంటుంది, దోసెకి ఉన్న రుచి టార్ట్‌కీ వస్తుంది, నన్నడిగితే ఇది మాత్రం మానొద్దు.

దాని మీద ఎర్రగడ్డలు, చీజ్. రుచంతా చెడ్డర్‌దే, క్యూబులు మెత్తగా ఉంటాయి కానీ సాగవు, సాగేది మోజరెల్లా, కాకపోతే అది నీళ్లు వదుల్తుంది, గుడ్డలో వేసి పిండుకోండి. మూడు గుడ్లు, 200 మిల్లీలీటర్ల క్రీమ్, కాస్త మిరియాల పొడి గిలక్కొట్టి పైన పోసేయండి, చీజ్‌లో, కారంలో ఉప్పుంది కాబట్టి ఇంక ఉప్పు వద్దు.

180 డిగ్రీల్లో 30 నుంచి 35 నిమిషాలు. అంచులు గట్టిపడి నడుమ కొంచెం ఊగుతున్నప్పుడే తీసేయాలి, బయటికి తీశాక లోపలున్న వేడికి అదే గట్టిపడుతుంది, ఇంకా ఉంచితే గుడ్డు విరిగి నీళ్లు కారుతుంది. ఇరవై నిమిషాలు ఆగి కోయండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పెనం మీద చిన్న మంటన మూతపెట్టి వేడిచేసుకోండి, మైక్రోవేవ్‌లో పెడితే అడుగు మెత్తగా అయిపోతుంది.