క్లినిక్ శిక్షణతో గుర్రం డ్రెస్సాజ్ కదలికలు మెరుగుపరచుకోవడం ఎలా?

డ్రెస్సాజ్‌లో, అంటే గుర్రంతో నిర్ణీత కదలికలు లయగా చేయించే స్వారీలో, షోల్డర్-ఇన్ (ముందు భుజాలు లోపలికి తెచ్చి గోడ వెంట సాగే కదలిక) సరిగా రాకపోతే చాలామంది షోల్డర్-ఇన్‌నే మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. తప్పు మాత్రం చాలాసార్లు అంతకుముందు తిరిగిన మూలలోనే జరిగిపోయి ఉంటుంది. రోజూ మనల్ని చూసే కోచ్‌కి అలాంటివి అలవాటైపోయి ఉండొచ్చు, కొత్తగా చూసేవాళ్ళకు వెంటనే కనబడతాయి. బయటి నుంచి అనుభవమున్న కోచ్ వచ్చి, ఒకటి రెండు రోజులపాటు ఒక్కో రౌతుకీ విడిగా ముప్పావుగంటో గంటో నేర్పే క్లినిక్‌కి అసలు విలువ అక్కడే ఉంది. అంత తక్కువ సమయం దొరుకుతుంది కాబట్టి సిద్ధపడి వెళ్ళాలి.

ముందుగా ఒక్క ప్రశ్న ఎంచుకోండి

ఇటీవలి పోటీల మార్కుల షీట్లు తీయండి. డ్రెస్సాజ్‌లో ప్రతి కదలికకీ 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తారు, పక్కన జడ్జి వ్యాఖ్య ఉంటుంది. మార్కుల కంటే ఆ వ్యాఖ్యలే ఎక్కువ పనికొస్తాయి. వేర్వేరు కదలికల దగ్గర ‘లయ తప్పింది’ అనో ‘వంకరగా ఉంది’ అనో ఒకే మాట కనిపిస్తుంటే మీ ప్రశ్న అదే. పోటీలకు వెళ్ళనివాళ్ళు ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి వీడియో తీయించుకుని చూస్తే చాలు. తర్వాత దాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి: ‘ఎడమ వైపు షోల్డర్-ఇన్‌లో నాలుగో అడుగుకే ట్రాట్ (నడక కంటే వేగమైన, రెండు దెబ్బల గతి) నెమ్మదిస్తోంది.’ ఇంత స్పష్టంగా చెబితే కోచ్ మొదటి పది నిమిషాలు సమస్య వెతకడానికే ఖర్చుపెట్టనక్కర్లేదు.

వీపు, పళ్ళు, గిట్టలు, జీను కూడా ముందే చూపించుకోండి. నొప్పి వల్ల వచ్చే బిగుతును ఏ శిక్షణా తీర్చదు. కొత్త కళ్ళెం, కొత్త జీను ఆ రోజు మొదటిసారి వేయకండి.

ఆ రోజు

కాస్త ముందుగా చేరుకుని, గుర్రానికి ఆ చోటు అలవాటయ్యేదాకా నడిపించండి. పది నిమిషాలైనా నడక, ఆ తర్వాత వదులుగా ట్రాట్. మీ వంతు వచ్చాక గుర్రం వయసు, పాత గాయాలు, ఏ స్థాయిలో ఉన్నారు, మీ ప్రశ్న ఏమిటి అన్నవి సూటిగా చెప్పండి. ఉన్నదానికంటే పై స్థాయి చెప్పుకుంటే నష్టం గుర్రానికే.

షోల్డర్-ఇన్ అడిగితే కోచ్ 20 మీటర్ల వలయం మీదే ఉంచి, ట్రాట్ నుంచి నడకకి, నడక నుంచి ట్రాట్‌కి మార్పిస్తుంటే నిరాశ పడకండి. శిక్షణలో మెట్లు ఈ వరుసలో ఉంటాయి: లయ, బిగుతు లేని ఒళ్ళు, నోటికీ చేతికీ మధ్య నిలకడైన స్పర్శ, వెనక కాళ్ళ నుంచి వచ్చే ఊపు, తిన్నగా సాగడం, చివరికి కూడిక (బరువు వెనక కాళ్ళ మీదికి తెచ్చి అడుగులు కురచ చేయడం). కింది మెట్టు కదులుతుంటే పైది నిలవదు. నడకలో 4 గిట్టల దెబ్బలు, ట్రాట్‌లో 2, క్యాంటర్‌లో (నెమ్మదైన దౌడులో) 3 స్పష్టంగా వినబడాలి. అవి చెదిరిన క్షణంలోనే కింది మెట్టుకి వెళ్ళమంటారు, వెళ్ళండి.

షోల్డర్-ఇన్‌నే ఉదాహరణగా తీసుకుంటే

ఫ్రాన్స్‌కి చెందిన 18వ శతాబ్దపు స్వారీ గురువు లా గెరినియేర్ తీర్చిదిద్దిన ఈ అభ్యాసం నేటికీ పక్క కదలికలన్నిటికీ పునాది. మూలలో 10 మీటర్ల వలయం ఒకటి తిరగండి. రెండోది మొదలుపెడుతున్నట్టుగా ముందు భుజాలు లోపలికి రాగానే, అదే వంపుతో గోడ వెంట ముందుకు సాగండి. కోణం సుమారు 30 డిగ్రీలు. ఎదురుగా నిలబడి చూస్తే మూడు బాటలు కనిపించాలి: బయటి వెనక కాలు ఒక బాట మీద, లోపలి వెనక కాలూ బయటి ముందు కాలూ రెండో బాట మీద, లోపలి ముందు కాలు మూడో దాని మీద.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు లోపలి పగ్గం లాగడం. అప్పుడు మెడ మాత్రమే వంగుతుంది, భుజాలు గోడ దగ్గరే ఉండిపోతాయి, బయటి భుజం జారిపోతుంది. పైనుంచి చూస్తున్న మీకు వంపు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, అందుకే ఒంటరిగా దీన్ని పట్టుకోవడం కష్టం. కోచ్ చెప్పినప్పుడు లోపలి పగ్గం కాస్త వదిలి, బయటి పగ్గంతో భుజాన్ని నిలిపి, లోపలి కాలుని నడికట్టు దగ్గర వాడి చూడండి. నాలుగో అడుగుకి లయ పోతుందని తెలిసినప్పుడు మూడో అడుగుకే వలయంలోకి వదిలేయండి. చెడిపోయాక ఆపితే గుర్రం చెడిన అడుగునే నేర్చుకుంటుంది.

హాఫ్ పాస్‌లో (ముందుకీ పక్కకీ ఒకేసారి ఏటవాలుగా సాగే కదలికలో) తుంటి ముందుకు పోతుంటే ఈ షోల్డర్-ఇన్ స్థితి నుంచే మొదలుపెట్టిస్తారు. ఫ్లయింగ్ చేంజ్ (క్యాంటర్ ఆపకుండానే ముందుండే కాలు మార్చడం) ఆలస్యమవుతుంటే మార్పుకి ముందున్న క్యాంటర్‌ని సరిచేస్తారు.

సరైన అడుగు పడినట్టు అనిపించగానే ‘ఇదేనా?’ అని అడగండి. అవునంటే అప్పుడు మీ నడుముకీ చేతికీ ఏం తెలిసిందో గుర్తుపెట్టుకోండి. ఇంటికి తీసుకెళ్ళాల్సింది అదే. అర్థం కాని సూచనకి తలూపకండి. మధ్యమధ్య పగ్గాలు వదిలి మెడ చాచనివ్వండి.

గుర్రం పళ్ళు నూరుతున్నా, నోరు తెరుస్తున్నా, తోక అదేపనిగా విసురుతున్నా ఆపమని చెప్పే హక్కు మీకుంది, ఎదుట ఎంత పేరున్న కోచ్ ఉన్నా సరే. చెవుల వెనకటి భాగం మెడలో అన్నిటికంటే ఎత్తుగా, ముఖం నిట్టనిలువు గీతకి కొంచెం ముందుగా ఉండాలన్నది అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య నియమాల్లోనే ఉంది. గడ్డాన్ని ఛాతీకి లాగించే సలహాని నేనైతే ఒప్పుకోను.

తర్వాతి వారాలు

మీ వంతు అయ్యాక వెళ్ళిపోకుండా మిగతావాళ్ళ పాఠాలు చూడండి. మీ సమస్యే ఇంకో గుర్రంలో కనిపిస్తే కింద నిలబడి చూడటం వల్ల చాలా తెలుస్తుంది. ఆ రాత్రే నోట్స్ రాసుకుని, తర్వాత మీ రోజువారీ కోచ్‌కి చూపించండి. ఇద్దరి మాటలకీ తేడా కనిపిస్తే దాచకుండా అడగండి, పదాలు వేరైనా విషయం ఒకటే కావచ్చు.

మర్నాడు గుర్రానికి తేలికైన నడక చాలు. ఆ తర్వాత ప్రతి సెషన్‌లో కొత్త అభ్యాసానికి పది నిమిషాలకి మించి ఇవ్వకండి, రెండు వైపులా చేయండి. వారానికోసారి అదే చోటి నుంచి వీడియో తీయండి. మూడు వారాలైనా అదే అడుగు దగ్గర లయ పోతుంటే ట్రాట్ వదిలి నడకలో చేయించండి, లేదా కోణం తగ్గించండి. ఆ వీడియోల్లో ఇంకా మారనిదేదో అదే తర్వాతి క్లినిక్‌కి మీ ప్రశ్న.