స్కీములు మొదలుపెట్టే ముందు నాలుగు రింగులు

ఆల్జీబ్రాయిక్ జామెట్రీలో పెద్ద పుస్తకాలు చదవాలనుకునేవాళ్లకు ఒక మాట. హార్ట్‌షోర్న్ రాసిన 1977 నాటి పాఠ్యపుస్తకం రెండో అధ్యాయంలో, స్కీముల దగ్గర, అంటే రింగుల నుంచి కట్టే జ్యామితీయ ఆకారాల దగ్గర, చాలామంది ఆగిపోతారు. రింగు అంటే కూడిక, తీసివేత, గుణకారం చేయగల వ్యవస్థ. కమ్యూటేటివ్ ఆల్జీబ్రా, అంటే ఈ రింగుల ఆల్జీబ్రా, ముందే రావాలి, నిజమే. అందులోని లోకలైజేషన్, టెన్సర్ ప్రొడక్ట్, ఇంటెగ్రల్ ఎక్స్‌టెన్షన్లు లెక్కలతో సహా చేసుకోండి. కానీ అది ఒక్కటే చాలదు.

ఒక నోట్‌బుక్‌లో నాలుగు రింగులు రాసి పెట్టుకోండి. మొదటిది పూర్ణసంఖ్యలు. రెండోది ఎక్స్‌వై = 0 అనే జంట గీతలది. మూడోది ఎక్స్ స్క్వేర్ = 0 అయిన రింగు. నాలుగోది టీ స్క్వేర్, టీ క్యూబ్‌లతో పుట్టే రింగు, అంటే కస్ప్ (ఒకచోట మొనదేలిన వక్రం). కొత్త డెఫినిషన్ వచ్చిన ప్రతిసారీ ఈ నాలుగింటి మీదా చేత్తో వేసి చూడండి.

మూడో రింగు నుంచి వచ్చే స్కీముకు ఉన్నది ఒకే బిందువు. అక్కడ ఎక్స్ విలువ సున్నా, అయినా ఎక్స్ సున్నా కాదు! రెడ్యూస్డ్ (ఇలా సున్నా కాకుండా ఏదో ఘాతంలో సున్నా అయ్యేవి లేనిది) అనే మాట ఎందుకు కావాలో అక్కడే తెలుస్తుంది. కస్ప్ నాకు మరీ ఇష్టం. సరళరేఖ నుంచి దాని మీదికి వెళ్లే మ్యాప్‌లో బిందువులు ఒకటికొకటి సరిపోతాయి, టోపాలజీ కూడా కలుస్తుంది, అయినా అది ఐసోమార్ఫిజం కాదు, అంటే రెండూ పూర్తిగా ఒకటే అని చెప్పలేం. ఎందుకంటే టీ ఆ రింగులో లేదు. స్కీమ్‌లో షీఫ్ (ఆకారంలో ప్రతిచోటా ఉండే ఫంక్షన్ల సమాచారం) ఎందుకు మోస్తున్నామో నాకు అర్థమైంది ఈ లెక్క చేశాకే.

రోజుకు రెండు పేజీలే అయినా టెన్షన్ పడకండి, ఈ సబ్జెక్టులో అది మామూలు వేగమే.