డ్రైవర్‌లో రేసా, ఆర్డరింగ్ సమస్యా? ముందు అది తేల్చుకోండి

ఇంటెల్ మెషీన్‌లో నెలల తరబడి చక్కగా నడిచిన మా లినక్స్ నెట్‌వర్క్ డ్రైవర్, ఆర్మ్ బోర్డు ఎక్కగానే గంటకో రెండు గంటలకో ఒకసారి పొడవు సున్నా ఉన్న ప్యాకెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రింట్‌కె (కెర్నల్ లాగ్‌లో మెసేజ్ రాసే ఫంక్షన్) పెట్టి చూద్దామంటే బగ్ మాయం, తీసేస్తే మళ్లీ ప్రత్యక్షం. నాలుగు రోజులు లాక్‌లు పెడుతూ పోయాను. దేనికీ లొంగలేదు, ఎందుకంటే అది లాక్‌తో పోయే జబ్బు కాదు: ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి ముట్టుకునే రేస్ అయితే, ఒకసారికి ఒకరినే రానిచ్చే లాక్ పనిచేస్తుంది, చదివే, రాసే వరస మారిపోయే ఆర్డరింగ్ సమస్యకి పనిచేయదు.

అందుకే ఇప్పుడు కోడ్ జోలికి వెళ్లకముందే ఒక కాగితం తీసుకుంటాను. అనుమానం ఉన్న ప్రతి ఫీల్డ్ పక్కన దాన్ని ఎవరెవరు ముట్టుకుంటున్నారో రాయండి: సిస్టమ్ కాల్ దారిలో వచ్చే కోడ్, ఇంటరప్ట్ హ్యాండ్లర్ (కార్డు పిలిచినప్పుడు నడిచే కోడ్), నాపీ పోల్ (ప్యాకెట్లను గుంపుగా తీసుకునే కోడ్), టైమర్, వర్క్‌క్యూ (వాయిదా వేసిన పనులు నడిచే చోటు), డ్రైవర్‌ని తీసేసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్, చివరగా డివైస్, అంటే కార్డు. ఈ చివరిదాన్నే చాలామంది మర్చిపోతారు. డీఎంఏతో మెమరీలోకి నేరుగా రాసే కార్డుకి మీ స్పిన్‌లాక్ ఒకటుందనే తెలియదు. కాబట్టి ఆ జాబితాలో ఇద్దరూ సీపీయూ వైపు వాళ్లే అయితే లాక్ గురించి ఆలోచించండి, ఒకరు డివైస్ అయితే బ్యారియర్ (వరస మారకుండా ఆపే సూచన) గురించి ఆలోచించండి.

తర్వాత బగ్‌ని బయటికి రప్పించాలి. ప్రింట్‌కె వద్దు, సీరియల్ కన్సోల్ ఉంటే అది టైమింగ్ మొత్తాన్ని మార్చేస్తుంది. ట్రేస్_ప్రింట్‌కె వాడండి, అది సీపీయూకొకటి చొప్పున ఉండే బఫర్‌లో రాసి ఊరుకుంటుంది కాబట్టి చాలా తేలిక. నాకు బాగా పనికొచ్చిన ఇంకో ఉపాయం: అనుమానం ఉన్న రెండు లైన్ల మధ్య యూడిలే 50తో 50 మైక్రోసెకండ్ల ఆలస్యం పెట్టి చూడండి (ఇంటరప్ట్‌లో ఉన్నప్పుడు నిద్రపోయే ఎమ్‌స్లీప్ పెట్టారో, అది వేరే క్రాష్). పరీక్షించడానికీ వాడుకోవడానికీ మధ్య ఇంకొకరు దూరే మామూలు రేస్ అయితే ఆ సందు పెద్దదై బగ్ నిమిషానికోసారి వస్తుంది. ఆర్డరింగ్ సమస్య అయితే సాధారణంగా దీనికి ఉల్టా, ఆలస్యం పెట్టగానే బగ్ నక్కుతుంది. నా విషయంలో అలాగే నక్కింది, ఆ రోజే లాక్‌లన్నీ పీకేశాను. ఇది రుజువు కాదు, కానీ ఎటు వెతకాలో మాత్రం చెబుతుంది.

సీపీయూల మధ్య రేస్ అనిపిస్తే కేసీశాన్ (డేటా రేస్‌లు పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేసి కెర్నల్ బిల్డ్ చేయండి. లినక్స్ 5.8 నుంచి ఉంది. మెమరీ తప్పులు పట్టే కేసాన్‌తో కలిపి ఒకే కెర్నల్‌లో పెట్టలేరు, రెండు బిల్డ్‌లు ఉంచుకోండి. రిపోర్ట్‌లో రెండో పక్షం ఎవరో తెలియని రేస్ అని వస్తే కొట్టిపారేయకండి, అది డీఎంఏతో రాసిన డివైస్ కూడా కావచ్చు. లాక్‌ల వాడకం సరిచూసే లాక్‌డెప్ ఎలాగూ ఉండాలి. ఇంటరప్ట్‌లో తీసుకునే లాక్‌నే బయట ఇంటరప్ట్‌లు ఆపకుండా తీసుకున్నారని, డెడ్‌లాక్ నిజంగా జరగకముందే చెప్పేస్తుంది.

ఇక నా బగ్ సంగతి. కార్డు ముందు ప్యాకెట్ డేటా, డిస్క్రిప్టర్‌లో (ప్యాకెట్ వివరాలు ఉండే చోటు) పొడవు రాసి, ఆ తర్వాతే పని అయిందని చెప్పే డన్ బిట్ పెడుతుంది. డ్రైవర్ డన్ బిట్ చూసి పొడవు చదువుతుంది. కాగితం మీద తప్పేమీ లేదు. కానీ ఆర్మ్‌లో ఆ రెండు రీడ్‌లనీ సీపీయూ తారుమారు చేయొచ్చు, అంటే పొడవు పాతది చదివేసి డన్ బిట్ కొత్తది చదవొచ్చు. ఎక్స్86 మామూలు మెమరీలో రెండు రీడ్‌ల వరస మార్చినట్టు బయటికి కనబడనివ్వదు, అందుకే అక్కడ ఇన్నాళ్లూ బతికిపోయింది (కంపైలర్ మార్చే ప్రమాదం మాత్రం అక్కడా ఉంది). మందు ఒక్క లైను: డన్ బిట్ చూశాక, పొడవు చదివే ముందు డీఎంఏ_ఆర్ఎంబీ అనే రీడ్ బ్యారియర్. పంపే వైపు కూడా ఇలాంటిదే ఉండాలి. అడ్రస్, పొడవు నింపి, డీఎంఏ_డబ్ల్యూఎంబీ అనే రైట్ బ్యారియర్ పెట్టి, అప్పుడు డిస్క్రిప్టర్ ఇక కార్డుదని చెప్పే ఓన్ బిట్ రాసి, చివర్లో రైట్‌ఎల్‌తో డోర్‌బెల్ కొట్టండి, అంటే పని ఉందని కార్డు రిజిస్టర్‌లో రాయండి. వేగం కోసం దాన్ని రైట్‌ఎల్_రిలాక్స్‌డ్‌గా మార్చే ముందు ఆగండి, మెమరీలో రాసినవన్నీ డోర్‌బెల్ కంటే ముందు కార్డుకి కనబడతాయన్న హామీ దానికి లేదు.

ఇక్కడ ఎస్‌ఎంపీ_ఆర్‌ఎంబీ పెట్టి సరిపెట్టుకోవద్దు. అది సీపీయూల మధ్య వరస కోసం ఉన్నది, ఒకే సీపీయూకి బిల్డ్ చేసిన కెర్నల్‌లో కంపైలర్ బ్యారియర్‌గా మాత్రమే మిగులుతుంది. వోలటైల్ కూడా అంతే, కంపైలర్‌ని ఆపుతుంది కానీ సీపీయూని ఆపదు.

రిమూవ్ దారిని కూడా ఒకసారి తప్పక చదవండి. రింగ్ (డిస్క్రిప్టర్ల వరస) మెమరీ విడుదల చేశాక, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ని తీసేసే ఫ్రీ_ఐఆర్‌క్యూ పిలిచే డ్రైవర్లు నేను చాలానే చూశాను. ముందు కార్డులో ఇంటరప్ట్‌లు ఆపాలి. ఆ రైట్ పీసీఐ బస్సులో ఇంకా దారిలోనే ఉండొచ్చు, కాబట్టి అదే కార్డు నుంచి ఒక రిజిస్టర్ చదివితే అది చేరినట్టు లెక్క. తర్వాత ఫ్రీ_ఐఆర్‌క్యూ, ఆ తర్వాత వర్క్‌లని, టైమర్లని సింక్‌తో (నడుస్తున్నవి ముగిసేదాకా ఆగి) రద్దు చేయడం, అన్నిటికన్నా చివర మెమరీ.

బ్యారియర్ పెట్టిన ప్రతిచోటా అది ఏ రైట్‌కి జోడీయో కామెంట్‌లో రాయండి. నేను రాసిన కామెంట్ ఇది: "కార్డు పొడవు రాశాకే డన్ పెడుతుంది, మనం డన్ చూశాకే పొడవు చదవాలి." ఆ లైనుతో ఆర్మ్ బోర్డు మీద ఐపెర్ఫ్ (నెట్‌వర్క్ వేగం కొలిచే సాధనం) పెట్టి మూడు రాత్రులు వదిలేశాను, సున్నా పొడవు ప్యాకెట్ ఒక్కటీ రాలేదు.